పాలకొండల కింద బాటలో మా సైకిళ్లు ఆపేశారు, ఎమ్మెల్యేతో చెప్పిద్దామా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కడపలో ఆరుగురు కలిసి ఏడాదిగా ప్రతి ఆదివారం పొద్దున్నే పాలకొండల కింద ఒక మట్టిబాటలో మౌంటెన్ బైకులు తొక్కుతున్నారు. పోయిన నెల అటవీ శాఖ బీట్ ఆఫీసర్ ఆపి, ఇంకోసారి కనిపిస్తే కేసు రాస్తానన్నారు. అదే బాటలో గొర్రెలు పోతున్నాయి, ఊరివాళ్ల మోటార్ సైకిళ్లు పోతున్నాయి, మాకే ఎందుకు అడ్డు అని మీ బాధ. మీలో ఒకరికి ఎమ్మెల్యే దగ్గర తిరిగే మనిషి తెలుసు కాబట్టి ఒక ఫోన్ చేయిద్దామా అని అడిగారు.

వద్దు. ఆ ఫోన్ ఇప్పుడు చేయించకండి. ముందు ఆ బాట ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి. తేలేదాకా అటు పోకండి. తేలాక, ఆ బాట వాడుకునే ఊరివాళ్లను కలుపుకుని, ఆ ఒక్క బాట కోసం రాతపూర్వకంగా అడగండి. నాయకుడితో పని పడితే చివర్లో పడుతుంది. చాలాసార్లు అసలు పడదు.

నేను కడపలో లైసెన్స్ ఉన్న సర్వేయర్‌ని. పన్నెండేళ్లుగా ఈ జిల్లా గుట్టల్లో సైకిల్ తొక్కుతున్నాను. మీకు జరిగింది మాకూ జరిగింది, మీరు చేద్దామనుకుంటున్నది మేం చేసి దెబ్బతిన్నాం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

బాట ఎవరిది?

బయటికి అంతా ఒకే కొండలా, ఒకే మట్టిలా కనిపిస్తుంది. రికార్డులో మాత్రం ఆ నాలుగైదు కిలోమీటర్లలోనే మూడు రకాల భూమి ఉండొచ్చు. ఊరి దగ్గర మొదలయ్యేది చాలావరకు డొంక, అంటే పంచాయతీ బాట. తర్వాత గుట్ట పోరంబోకు, అది రెవెన్యూది. ఆపైన అటవీ హద్దు దాటితే రిజర్వు ఫారెస్టు. మిమ్మల్ని ఆపిన చోటు ఈ మూడింట్లో ఎక్కడుందన్న దాని మీదే మీ కేసంతా ఆధారపడి ఉంది.

గ్రామ సచివాలయానికి వెళ్లి విలేజ్ సర్వేయర్‌ని గ్రామ పటం, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (కొలతలతో ఉన్న పొలం పటం) చూపించమనండి. పటంలో ఒంటి చుక్కల గీత ఉంటే కాలిబాట, జంట గీత ఉంటే బండ్ల బాట. కొన్నిచోట్ల బాటకు విడిగా సర్వే నంబరే ఉంటుంది, రిజిస్టర్‌లో 'డొంక' అనో 'బాట' అనో రాసి ఉంటుంది. అలా ఉంటే అది మీకు పెద్ద ఆస్తి. ఊరి డొంకలో నడవడానికి, బండి తోలడానికి, సైకిల్ తొక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అక్కడ సైకిల్ తొక్కొద్దని ఆపే అధికారం అటవీ సిబ్బందికి లేదు.

తర్వాత హద్దు. పాత రిజర్వు ఫారెస్టుల హద్దు వెంబడి రాళ్లు కుప్పగా పేర్చి, నంబర్లు వేసి ఉంటాయి. ఆఫీసు భాషలో వాటిని కెయిర్న్లు అంటారు, పల్లెల్లో 'ఫారెస్టు రాళ్లు' అంటారు. సగం కూలిపోయి, మీద కంప అల్లుకుని ఉంటాయి. పక్కనుంచి నూరుసార్లు పోయినా కంటికి ఆనవు. ఒకసారి మా బ్యాచ్‌లో ఒకాయన పంక్చర్ వేసుకోవడానికి ఒక రాళ్లకుప్ప మీద కూర్చున్నాడు. టైరులో ఇరుక్కున్న పల్లేరు కాయలు ఏరుకుంటూ కిందికి చూస్తే, రాతి మీద సున్నంతో రాసిన అంకె సగం చెరిగి కనబడింది. మూడేళ్లుగా మేం ఆ హద్దుకు యాభై అడుగులు లోపల తొక్కుతున్నామని అప్పటిదాకా మాకు తెలియదు. హద్దు కొలిచి చూపించే పని చేసుకుని బతికే నాకే తెలియలేదు.

హద్దు లోపల ఉన్నారనుకోండి, బీట్ ఆఫీసర్ చెప్పింది చట్టప్రకారం సరైనదే. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి వెళ్లడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. కాకపోతే అక్కడ కూడా ఒక దారి ఉంది. మన రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి ఇక్కడి పాత రిజర్వులు చాలావరకు 1882 మద్రాసు అటవీ చట్టం కింద నోటిఫై అయినవే. అప్పట్లో ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసర్ ఊరూరా విచారించి, ఏ బాటలు, ఏ నీటి దారులు, ఏ మేత హక్కులు ఊరివాళ్లకు ఉంటాయో రాసేవారు. గుడికి పోయే బాట, చెరువుకు పోయే బాట అలా పేరుతో సహా నమోదై ఉంటాయి. మీ బాట అందులో ఉందేమో చూడండి. డీఎఫ్‌ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసుకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, ఆ రిజర్వు నోటిఫికేషన్ నకలు, ఒప్పుకున్న హక్కుల జాబితా అడగండి. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జాబితాలో బాట దొరికినా అది మొదట ఊరివాళ్ల హక్కు, టౌను నుంచి వచ్చే మన హక్కు కాదు. కానీ 'ఇక్కడ బాటే లేదు' అనే మాటకు మాత్రం అది గట్టి జవాబు.

ఇవి కాక ఇంకో రకం ఉంది, అభయారణ్యం. సిద్ధవటం, బద్వేలు వైపు లంకమల ఉంది చూశారా, దాని లెక్కే వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అందులోకి పర్మిట్ లేకుండా పోకూడదు. మనలాంటి బయటివాళ్లకు ఉన్న మినహాయింపు మధ్యలోంచి వెళ్లే పబ్లిక్ హైవే మీద ప్రయాణించడానికే. పర్మిట్ ఇచ్చేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారం ఇచ్చినవాళ్లు. తప్పు చేస్తే మూడేళ్ల దాకా జైలు పడే చట్టం అది. శివరాత్రికి వేలమంది లంకమలేశ్వరానికి పోతారు కదా అని వాదించే మిత్రులు నాకున్నారు. అది ఏటా ఆ పండగకు జరిగే ఏర్పాటు, ఆదివారం సైకిల్‌కు వర్తించదు.

లంకమల గురించి నా అభిప్రాయం ఇంకొంచెం గట్టిది. పర్మిట్ దొరికినా అక్కడ చిట్టడవిలో, బాట వదిలి సైకిల్ తొక్కకూడదు. కలివికోడి 1900 తర్వాత మళ్లీ ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పక్షి. 1986లో మళ్లీ దొరికింది అక్కడే. దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. పొదల మధ్య ఖాళీ నేల ఉన్న చోట, రాత్రిపూట నేల మీద తిరిగే పక్షి అది. మనకు సైకిల్ తొక్కడానికి హాయిగా అనిపించే నేల, దానికి బతకడానికి కావలసిన నేల ఒకటే. మనకు తొక్కడానికి జిల్లాలో ఇంకా వంద చోట్లున్నాయి.

గొర్రెలకు లేని అడ్డు మాకెందుకు?

ఎందుకంటే వాళ్లకు హక్కుంది, మనకు లేదు. అడవి మీద ఆధారపడి బతికేవాళ్లకు మేత హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. కాపరి రోజూ కనబడే మనిషి, పేరు తెలుసు, ఊరు తెలుసు. మనం హెల్మెట్, కళ్లద్దాలు పెట్టుకుని, మొహం కూడా కనబడకుండా వారానికోసారి దూసుకుపోయేవాళ్లం.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని మీరు అర్థం చేసుకోవాలి. పాలకొండలు, లంకమల, శేషాచలం ఎర్రచందనం పెరిగే కొండలు. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది మన చుట్టుపక్కల కొండల్లోనే. దుంగల దొంగలతో రాత్రుళ్లు తలపడేవాళ్లు ఆ బీట్ ఆఫీసర్లు, ప్రొటెక్షన్ వాచర్లు. తెల్లవారుజామున ఐదు గంటలకు తలకు లైటు కట్టుకుని ఆరుగురు కొండ దిగుతుంటే వాళ్లకు మొదట ఏం తోస్తుంది? అడవిలో వెలుతురు కదిలితే వాళ్లకు టెన్షన్. ఏ పొదలోంచి ఎవరు రాయి విసురుతారో తెలియని ఉద్యోగం. అందుకే హెడ్‌లైట్ వేసుకుని అటవీ భూమిలో తొక్కడం పూర్తిగా మానేయండి. తెల్లగా వెలుతురు వచ్చాకే లోపలికి, ఎండ ముదరక ముందే బయటికి. మా అనుమతిలో మొదటి షరతు కూడా ఇదే.

మేం చేసిన తప్పు

ఎనిమిదేళ్ల కింద మమ్మల్ని ఒక చోట ఆపారు. మా ఇద్దరి సైకిళ్లు సాయంత్రం దాకా పట్టి పెట్టుకుని, కేసు కోర్టుకు పోకుండా ముగించే కాంపౌండింగ్ ఫీజు కట్టించుకున్నారు. మాకు పౌరుషం వచ్చింది. తెలిసినాయన ద్వారా ఒక నాయకుడిని పట్టుకున్నాం. ఆయన మంచిగానే మాట్లాడారు, మా ముందే ఫోన్ చేశారు. అవతలి నుంచి 'సరే సార్' అని నోటిమాట వచ్చింది. ఆ ఉత్సాహంలో మేం పెద్ద రైడ్ పెట్టాం. అరవై మంది వచ్చారు. ఊరి మొదట్లో నాయకుడి ఫొటోతో ఫ్లెక్సీ కట్టాం, కృతజ్ఞత చూపిస్తున్నాం అనుకున్నాం.

ఊళ్లో ఎవరు ఏ వైపో మాకు తెలియదు. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు గానీ, ఎవరు ఎవరి మనిషో ఊరందరికీ తెలుసు. ఆ నాయకుడికి పడని వర్గం ఇళ్లు సరిగ్గా ఆ బాట మొదట్లో ఉన్నాయి. వారం తిరగకముందే రెండు గుట్టల మధ్య సందులో బాటకు అడ్డంగా తుమ్మకంప వేసేశారు. వాటర్ ప్యాకెట్లు, బిస్కెట్ కవర్లు పడి ఉన్న ఫొటోలతో పై ఆఫీసుకు అర్జీ పోయింది. ఆ చెత్త నిజంగా మాదే. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి, ఆఫీసర్ బదిలీ అయ్యారు. కొత్తాయన ఫైలు తెరిస్తే మా గురించి ఉన్నది కేసు కాగితం ఒక్కటే. అనుమతి అనే కాగితం ఎక్కడా లేదు. నోటిమాటతో వచ్చిన అనుమతి బదిలీతో పోతుంది. పార్టీ పేరుతో వచ్చిన అనుమతి ఎన్నికలతో పోతుంది.

మళ్లీ ఎలా మొదలుపెట్టాం

ఏడాది పాటు అక్కడ సైకిల్ ఎక్కలేదు. నడిచి వెళ్లేవాళ్లం, ఇద్దరు ముగ్గురం. మొదట కలిసింది కాపరుల్ని. రావిచెట్టు కింద ఒక పెద్దాయన, తలకు తువ్వాలు, చేతిలో దోటికర్ర. 'మీరేనా ఆ సైకిళ్లోళ్లు?' అన్నాడు. ఔను పెద్దాయనా అన్నాం. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, 'మీరు సప్పుడు లేకుండా పైనుంచి వస్తారు నాయనా. జీవాలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడతాయి. సూడి గొర్రె పరిగెత్తితే ఈచుకపోతాది. నాకు రెండు పోయినాయి' అన్నాడు. మాకు నోట మాట రాలేదు. ఏడాదంతా అటవీ శాఖతో ఎలా వాదించాలా అని ఆలోచించాం, అసలు నష్టపోయిన మనిషి ఇక్కడున్నాడు. ఆ రెండు గొర్రెల డబ్బు ఇస్తామంటే తీసుకోలేదు. హ్యాండిల్‌కు గంట కట్టుకోమన్నాడు. మేకల మెడలో కట్టే గంటే, సంతలో దొరికేది. ఇప్పటికీ మా అందరి సైకిళ్లకూ ఆ గంటే ఉంటుంది. మంద కనబడితే దిగి, కింది వైపు నిలబడి, జీవాలు దాటాకే కదులుతాం.

తర్వాత డొంక. వానకు కోసుకుపోయి ఒకచోట నడుములోతు గండి పడింది, ట్రాక్టర్లు పోవడం లేదు. నాలుగు ఆదివారాలు పార, గడ్డపార పట్టుకుని వెళ్లి రాళ్లు పేర్చి పూడ్చాం. ఊరివాళ్లు మొదటి వారం చూశారు, రెండో వారం నీళ్లిచ్చారు, మూడో వారం ఆరుగురు కలిశారు. అందులో రెండు వర్గాలవాళ్లూ ఉన్నారు. ఆ పనే మాకు ఊళ్లో మాట చెల్లేలా చేసింది.

అమెరికాలో కూడా ఈ కథ ఇలాగే నడిచింది. సైకిళ్లవల్ల నడిచేవాళ్లకు, గుర్రాలవాళ్లకు ఇబ్బందని కాలిఫోర్నియాలో బాటలు మూసేస్తుంటే, అక్కడి క్లబ్బులు 1988లో కలిసి ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసిక్లింగ్ అసోసియేషన్ అని పెట్టుకున్నాయి. బాటలు బాగుచేయడానికి స్వచ్ఛందంగా పని చేయడం, స్థానిక సమావేశాల్లో కూర్చుని మాట్లాడటం, వాళ్ల దారి కూడా ఇదే. ఇంత చేసినా అక్కడ చట్టం గట్టిగా కాపాడే విల్డర్‌నెస్ ప్రాంతాల్లో ఇవాళ్టికీ సైకిల్‌కు ప్రవేశం లేదు. అన్ని బాటలూ మనకు రావు, అది మొదట్లోనే ఒప్పుకోండి.

అర్జీ ఎలా రాయాలి

గ్రామసభలో పెట్టించండి. ఏప్రిల్ 14, అక్టోబర్ 3 తేదీల్లో గ్రామసభ జరుగుతుంది, మధ్యలో కూడా పెడుతుంటారు. 'ఫలానా సర్వే నంబరు డొంకలో, ఆపైన ఫలానా బాటలో సైకిల్ తొక్కడానికి ఊరికి అభ్యంతరం లేదు' అని తీర్మానం రాయించి, పంచాయతీ కార్యదర్శి సంతకంతో నకలు తీసుకోండి. సర్పంచి ఇంటికి ఎంత పోయారో, ఓడిపోయినాయన ఇంటికీ అంతే పోండి. వన సంరక్షణ సమితి ఉన్న ఊరైతే దాని అధ్యక్షుడి సంతకం కూడా కావాలి.

ఆ తీర్మానం జత చేసి డీఎఫ్‌ఓకు అర్జీ ఇవ్వండి. బీట్ ఆఫీసర్‌ని దాటి పోయినట్టు అనిపించకుండా, ముందు ఆయనకు, రేంజర్‌కు చూపించి వెళ్లండి. రేపు ఎవరైనా వచ్చారా లేదా అని పై ఆఫీసు అడిగేది ఆ బీట్ ఆఫీసర్‌నే. కొండ మొత్తం అడగకండి, ఒక బాట అడగండి. మేం అడిగింది నాలుగు కిలోమీటర్ల ఫైర్ లైన్. మంటలు పాకకుండా వాళ్లే చదును చేసుకున్న దారి కాబట్టి కొత్తగా ఒక్క మొక్క తీయాల్సిన పని లేదు. ఆదివారం ఆరు నుంచి తొమ్మిది, పన్నెండు మందికి మించకుండా, పేర్లు, ఆధార్ నకళ్లు ముందే ఇచ్చి, మంటలు లేచే ఫిబ్రవరి నుంచి మే దాకా మానేసి, వాన పడ్డాక రెండు రోజులు అటు పోకుండా. ఈ షరతులన్నీ మేమే రాశాం. అధికారికి కాదనడానికి కారణం మిగలనివ్వకూడదు. బదులుగా, పొగ కనబడినా, కొట్టిన దుంగ కనబడినా వెంటనే ఫోన్ చేస్తామని రాశాం. ఇప్పటికి రెండుసార్లు చేశాం.

జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, నంబరుతో రసీదు వస్తుంది. మాకు మొత్తం పదకొండు నెలలు పట్టింది. చివరికి వచ్చింది ఒక పేజీ ఉత్తర్వు, ఏడాదికోసారి రెన్యువల్. ఆ తర్వాత ఇద్దరు అధికారులు మారారు, కాగితం చూపిస్తే ఇద్దరూ ఒప్పుకున్నారు.

నాయకుడి దగ్గరికి ఎప్పుడు పోవాలంటే, నిర్ణయం పై స్థాయిలో ఆగిపోయినప్పుడు. 2024 జూన్ నుంచి అటవీ శాఖ, పంచాయతీరాజ్ శాఖ రెండూ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారి దగ్గరే ఉన్నాయి. మన విషయంలో ఈ రెండు శాఖలూ కావాలి కాబట్టి ఇది పనికొచ్చే సంగతే. అప్పుడైనా తీర్మానం, సర్వే పటం చేతిలో పెట్టుకుని పోండి, అన్ని పార్టీలవాళ్లకూ అదే కాగితం ఇవ్వండి.

ఇంకో రెండు సంగతులు

మీ బాట మొదట్లో డొంకను ఎవరైనా కలిపేసుకుని చీనీ తోట వేసి ఉంటే, తహసీల్దార్ దగ్గరికి పరిగెత్తకండి. సర్వేయర్‌గా నాకు అక్కడ కొలిచి రాళ్లు పాతించే దారి తెలుసు. కానీ ఒకచోట నేను ఆ పని చేయలేదు. రైతుతో మాట్లాడితే కంచెలో మనిషి పట్టేంత గేటు పెట్టాడు, వెళ్లేటప్పుడు మూసి పొమ్మన్నాడు. కోర్టుకు పోయుంటే ఇంకా వాయిదాల్లోనే ఉండేవాళ్లం.

రెండోది నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సున్నపురాయి గనులున్నాయి కదా, ఆ వైపు మేం తొక్కే గుట్ట ఒకటి మైనింగ్ లీజులోకి పోయింది. గనికి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేస్తారు. వేశారు కూడా. మేం చూడలేదు. ఒక్కరు లేచి 'ఈ గుట్ట మీది బాటలో ఊరు తిరుగుతోంది' అని చెప్పి ఉంటే కనీసం మినిట్స్‌లో ఉండేది. ఇప్పుడక్కడ కంచె, లోపల గుంత. అప్పటి నుంచి జిల్లా ఎడిషన్లో ఆ ప్రకటనల పేజీ వదలకుండా చూస్తున్నాను, మీ ఆరుగురిలో ఒకరికి ఆ పని అప్పగించండి.

ఇక మీ బాట సంగతి. ఈ ఆదివారం సైకిళ్లు ఇంట్లో పెట్టి నడిచి వెళ్లండి. మిమ్మల్ని ఆపిన చోటుకు అటూ ఇటూ ఫారెస్టు రాళ్లు వెతికి, నంబరు కనబడేలా ఫొటో తీయండి, ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి. ఆ ఫొటోలు, ఊరి పేరు, దగ్గర్లో ఉన్న పొలం సర్వే నంబరు ఇక్కడ పెట్టండి. పటం తీసి, మీరు నిలబడిన చోటు హద్దుకు ఇవతలుందో అవతలుందో చెప్తాను.